చైనాలో పండగ సెలవలు: ఆదివారం ఆఫీసేంటి, కొత్త సంవత్సరానికి కొలీగ్ ఇంటికి ఏం పట్టుకెళ్లాలి?

సుజౌలో కొత్త

అందరికీ నమస్తే. నవంబరులో సుజౌ వచ్చాను, ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసే ఉద్యోగం. వచ్చిన రెండు నెలలకే పరువు పోయింది, ముందు అది చెప్తాను.

2026 జనవరి 1 నుంచి 3 దాకా సెలవన్నారు. గురు, శుక్ర, శని. నాలుగో తారీఖు ఎటూ ఆదివారమే కదా అని నాలుగు రోజులు లెక్కేసుకుని హాయిగా పడుకున్నాను. ఆదివారం పొద్దున తొమ్మిదింబావుకి మా లైన్ లీడర్ ఫోను, ఎక్కడున్నావని. ఇంట్లో ఉన్నాను, ఆదివారం కదా అన్నాను. అటు నుంచి కాసేపు మాట లేదు. తర్వాత చెప్పాడు, ఇవాళ అందరూ పనిలో ఉన్నారు, నువ్వొక్కడివే రాలేదు అని. మొహం కడుక్కుని పరిగెత్తాను. ఎవరూ తిట్టలేదు గానీ మధ్యాహ్నం దాకా అందరూ నన్ను చూసి నవ్వుతూనే ఉన్నారు.

ఇప్పుడు పెద్ద పండగ, చైనా కొత్త సంవత్సరం, వస్తోంది, ఫిబ్రవరి 17న. తొమ్మిది రోజుల సెలవు అంటున్నారు, కానీ మళ్లీ రెండు శనివారాలు రావాలట. అసలు ఈ లెక్క ఏంటో ఎవరైనా అర్థమయ్యేలా చెప్పండి.

రెండోది. నా పక్క సీటు అతను, షాన్‌డాంగ్‌లో వెయ్‌ఫాంగ్ దగ్గర పల్లెటూరు, పండక్కి వాళ్లింటికి రమ్మన్నాడు. మాటవరసకి అన్నాడా నిజంగా అన్నాడా తెలియట్లేదు. వెళ్తే ఏం పట్టుకెళ్లాలి, ఎలా ఉండాలి? నేను చికెన్, గుడ్డు తప్ప వేరే మాంసం తినను, అదొక టెన్షన్.

షెంజెన్ పాతకాపు

మీరొక్కరే కాదు, మొదటి ఏడాది అందరం ఆ ఆదివారం దెబ్బ తిన్నవాళ్లమే. నేను ఏకంగా రోజంతా ఫోన్ ఆపేసి పడుకున్నాను.

లెక్క ఇది. చట్టం ప్రకారం ఏడాదికి 13 రోజులు సెలవు. 2024 దాకా 11 ఉండేవి, 2025 నుంచి రెండు కలిపారు, ఒకటి చున్‌జియె ముందు రోజు (మీరు పెద్ద పండగ అంటున్నది అదే, వసంత పండగ), రెండోది మే 2. ఇప్పుడు చున్‌జియెకి 4, అక్టోబరు 1 జాతీయ దినానికి 3, మే డేకి 2, మిగతావి అంటే జనవరి 1, ఛింగ్‌మింగ్ (సమాధుల పండగ), దువాన్‌వు (డ్రాగన్ పడవల పండగ), జొంగ్‌ఛియు (శరదృతువు పున్నమి పండగ), ఒక్కో రోజు. అంతే. మీకు కనపడే ఆ తొమ్మిది రోజులు సెలవు కాదు, కుట్టు పని. అటు వారాంతం ఇటు వారాంతం లాక్కొచ్చి మధ్యలో అతుకులేస్తారు. దాన్ని తియావ్‌షియు అంటారు.

ఈ ఏడాది చున్‌జియెనే చూడండి. సెలవు ఫిబ్రవరి 15 ఆదివారం నుంచి 23 సోమవారం దాకా. ఇందులో నిజంగా చట్టం ఇచ్చినవి 16, 17, 18, 19. ఆదివారం, ఆ తర్వాతి శని ఆదివారాలు మీకు ఎలాగూ ఉన్నవే. మిగిలిన 20, 23 తారీఖులు అప్పు. ఆ అప్పు 14 శనివారం, 28 శనివారం పని చేసి తీర్చాలి. పట్టిక ప్రతి ఏడాదీ కేంద్ర ప్రభుత్వమే ముందు ఏడాది చివర్లో ప్రకటిస్తుంది, దేశమంతా ఒకటే. ఫోన్లో చైనా క్యాలెండర్ పెట్టుకుంటే సెలవు రోజు పక్కన ఒక గుర్తు, పని చేయాల్సిన వారాంతం పక్కన ఇంకో గుర్తు కనపడతాయి. ఇవాళే పెట్టుకోండి.

జీతం సంగతి కూడా తెలుసుకోండి. ఆ నాలుగు రోజుల్లో పని చేయిస్తే మూడింతలు ఇవ్వాలి. మిగతా సెలవు రోజుల్లో చేయిస్తే వేరే రోజు సెలవివ్వచ్చు, లేదంటే రెండింతలు. చాలామంది తొమ్మిది రోజులకీ మూడింతలు అనుకుని హెచ్‌ఆర్‌తో గొడవ పడతారు.

ఈ అతుకుల సెలవులంటే ఇక్కడి జనానికీ కోపమే, పట్టిక వచ్చిన రోజు వీబోలో (ఇక్కడి సోషల్ మీడియా) తిట్లే తిట్లు. 2025 నుంచి కాస్త నయం, సెలవుకి ముందు వెనక వరసగా ఆరు రోజులకి మించి పని పెట్టకూడదని మామూలుగా పాటిస్తున్నారు. అంతకుముందు ఏడు రోజులు ఏకబిగిన చేసిన వారాలు నాకు బాగా గుర్తు.

కంటైనర్ కష్టాలు

పాతకాపు గారు చెప్పింది కాగితం మీద లెక్క. ఫ్యాక్టరీ లెక్క వేరు. నేను పదేళ్లుగా గ్వాంగ్‌డాంగ్ నుంచి సరుకు కొంటున్నాను. సెలవు 15న మొదలవుతుందని కాగితం అంటుంది, మా ఫ్యాక్టరీలో లైన్ మీద మనుషులు జనవరి ఆఖరుకే పల్చబడిపోతారు. హునాన్‌కో సిచువాన్‌కో పోవాలి వాళ్లు, రద్దీ మొదలవ్వక ముందే బయల్దేరతారు. తిరిగి రావడం కూడా అంతే, ఆఫీసు వాళ్లు 24న వస్తారు, వర్కర్లు మాత్రం పదిహేనో రోజు లాంతర్ల పండగ అయ్యాకే, ఈసారి అది మార్చి 3. కొందరు అసలు రారు, వేరే చోట చేరిపోతారు. కొత్తవాళ్లు చేరి చేయి తిరిగే దాకా సరుకులో తేడాలు వస్తూనే ఉంటాయి. మీరు క్వాలిటీలో ఉన్నారు కాబట్టి చెప్తున్నా, మార్చి నెల సరుకుని కళ్లు నాలుగు చేసుకుని చూడండి.

రెండోదానికి నా సలహా, వెళ్లకండి. ఏడాదికి ఒక్కసారి ఇంటికి పోయే మనిషి, పిల్లల్ని ఏడాదికొకసారి చూసేవాళ్లు కూడా ఉన్నారు, మధ్యలో మీరెందుకు? మొహమాటానికి పిలిచి ఉంటాడు.

హాంగ్‌జౌ వంటిల్లు

కంటైనర్ గారూ, ఫ్యాక్టరీ విషయం ఒప్పుకుంటాను గానీ రెండోది మాత్రం ఒప్పుకోను. మొహమాటానికి పిలిచాడా లేదా తెలుసుకోవడం చాలా తేలిక. టికెట్ ఎప్పుడు తీసుకోవాలి అని అడగండి. ఉత్తుత్తి పిలుపైతే ‘చూద్దాంలే’ అంటాడు. నిజం పిలుపైతే అప్పుడే ఫోన్ తీసి రైళ్లు చూపిస్తాడు.

టికెట్ అనగానే గుర్తొచ్చింది, ఆలస్యం చేయకండి. ఈ ప్రయాణాల రద్దీని చున్‌యున్ అంటారు, 40 రోజుల హడావిడి, ఈ ఏడాది ఫిబ్రవరి 2 నుంచి మార్చి 13 దాకా. రైలు టికెట్లు 12306 యాప్‌లో 15 రోజుల ముందు తెరుస్తారు. మీ పాస్‌పోర్ట్ వివరాలు ముందే ఎక్కించి వెరిఫై చేయించుకోండి, ఆ రోజు చేద్దామంటే అయిపోయినట్టే. దొరక్కపోతే అదే యాప్‌లో వెయిటింగ్ లిస్టులో పెట్టండి, చాలాసార్లు వస్తుంది.

ఇక ఏం పట్టుకెళ్లాలి. పల్లెటూళ్లకి వెళ్లేవాళ్లని స్టేషన్లో ఒక్కసారి గమనించండి, సగం మంది చేతుల్లో పాల ప్యాకెట్ల అట్టపెట్టె ఉంటుంది, పైన పట్టుకోడానికి ప్లాస్టిక్ హ్యాండిల్ ఉండేది. నవ్వకండి, అదే అసలైన గిఫ్ట్. ఒక పాల పెట్టె, ఒక పళ్ల పెట్టె, ఒక డ్రై ఫ్రూట్స్ డబ్బా, అన్నీ ఎర్ర అట్టలో ఉంటే ఇంకా మంచిది. జతలుగా ఇస్తే శుభం. యాపిల్ మంచిది, పేరులో శాంతి అనే మాట పలుకుతుంది. బేరిపళ్లు వద్దు, పంచుకుంటే విడిపోవడం అన్నట్టు వినపడుతుంది. గోడ గడియారం చచ్చినా వద్దు, గడియారం ఇవ్వడం అన్న మాట చావు దగ్గరుండి చూడటం అన్న మాటలాగే ఉంటుంది. ఇక్కడ సగం ఆచారాలు ఇలా మాట కలిసిందనే పుట్టాయి. తలుపు మీద ‘ఫు’ అక్షరం తలకిందులుగా అంటించేది కూడా అందుకే, తలకిందులు అన్నా వచ్చేసింది అన్నా పలికేది ‘దావ్’ అనే, అంటే అదృష్టం వచ్చేసిందని.

ఇంట్లో పిల్లలుంటే ఎర్ర కవర్లు, హొంగ్‌బావ్, ఇవ్వాలి. కొత్త నోట్లు పెట్టండి, రెండు చేతులతో ఇవ్వండి, నాలుగు అంకె మాత్రం రానివ్వకండి, చావు అన్న మాటకి దగ్గర. పిల్లకి వంద యువాన్లు చాలు. మీకెవరైనా ఇస్తే వాళ్ల ముందు తెరవకండి.

షెంజెన్ పాతకాపు

వందా! మా గ్వాంగ్‌డాంగ్‌లో అయితే ఐదు, పది, ఇరవై యువాన్లు పెట్టి ఇస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. ఇక్కడ పెళ్లైన వాళ్లు పెళ్లి కానివాళ్లందరికీ ఇవ్వాలి, వాచ్‌మన్‌కీ, ఊడ్చేవాళ్లకీ కూడా, అందుకని కవర్లు ఎక్కువ, లోపల తక్కువ. మిగతా చోట్ల కవరు బరువు ఊరిని బట్టి మారుతుంది, కాబట్టి వంటిల్లు గారు చెప్పిన వందే సేఫ్. సెలవయ్యాక మొదటి రోజు మా బాస్ తలుపు దగ్గర నిలబడి అందరికీ తలో కవరు ఇస్తాడు, ఆ క్యూలో మాత్రం ఎవడూ ఆలస్యంగా రాడు.

తెల్లకోటు

నేను షెన్‌యాంగ్‌లో చదివాను, మెడిసిన్. ఇక్కడందరూ చున్‌జియె గురించే చెప్తున్నారు గానీ నిజం చెప్పాలంటే ఒంటరిగా ఉండే విదేశీయుడికి అదే అన్నిటికంటే బోరు పండగ. మొదటి ఏడాది హాస్టల్లో ఉండిపోయాను. క్యాంటీన్ మూత, వీధిలో షట్టర్లన్నీ కిందకి, నాలుగు రోజులు నూడుల్సే గతి. పిలిచినవాళ్లుంటే కళ్లు మూసుకుని వెళ్లండి అన్నా. వెళ్లనివాళ్లు బియ్యం, గుడ్లు ముందే తెచ్చి పెట్టుకోండి.

నాకు మిగతా పండగలే ఎక్కువ నచ్చాయి. ఛింగ్‌మింగ్ ఏప్రిల్ 4నో 5నో వస్తుంది, చంద్రుడితో పని లేదు, సూర్యుడి లెక్క. సమాధులు శుభ్రం చేసి పెద్దవాళ్లకి పెట్టుకునే రోజు. ఒకసారి ఆ పండగ ముందు రాత్రి లైబ్రరీ నుంచి వస్తుంటే నాలుగు రోడ్ల కూడలిలో ఒక ఆంటీ నేల మీద సుద్దముక్కతో గుండ్రంగా గీత గీస్తోంది. పూర్తి గుండ్రం కాదు, ఒక పక్క కొంచెం ఖాళీ వదిలింది. ఆ గీత లోపల పసుప్పచ్చ కాగితాలు కట్టలు కట్టలుగా పెట్టి అంటించింది, కర్రతో కదుపుతూ ఏదో మాట్లాడుతోంది, మామూలుగా, ఫోన్లో మాట్లాడినట్టు. మర్నాడు నా రూమ్మేట్ చెప్పింది, ఆ ఖాళీ వాళ్ల ఊరి వైపు ఉంటుందట, పోయినవాళ్లు వచ్చి డబ్బు తీసుకోడానికి దారి. సొంతూరు సమాధి దగ్గరికి వెళ్లలేనివాళ్లు అలా చేస్తారట. పొగ, నిప్పు అని చాలా నగరాల్లో ఇప్పుడు ఒప్పుకోవట్లేదు. ఒకటి గుర్తుంచుకోండి, ఆ రోజు ఎవరికీ ‘హ్యాపీ ఛింగ్‌మింగ్’ అని మెసేజ్ పెట్టకండి. నేను పెట్టాను. ఇంకేం చెప్పను.

దువాన్‌వుకి కూడా కొందరు ‘హ్యాపీ’ అనరు, క్షేమంగా ఉండండి అనే అర్థంలో ‘అన్‌కాంగ్’ అంటారు. అది ఐదో నెల ఐదో రోజు, ఈ ఏడాది జూన్ 19. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దపు కవి ఛు యువాన్ మిలువో నదిలో దూకి చనిపోయాడని, ఊరివాళ్లు పడవలేసుకుని వెతికారని, చేపలు ఆయన్ని ముట్టకుండా అన్నం నీళ్లలో విసిరారని కథ. ఆ పడవలే ఇప్పటి డ్రాగన్ పడవల పందెం, ఆ అన్నమే జొంగ్‌జ. ఆకులో పొట్లం కట్టి ఉడికించిన జిగురు బియ్యం. మా ఉత్తరాన లోపల తీపి ఎండు రేగుపండు పెడతారు, దక్షిణాన పంది మాంసం, ఉప్పు గుడ్డు పచ్చసొన. తీపి గొప్పా ఉప్పు గొప్పా అని ప్రతి ఏడాదీ ఇంటర్నెట్లో యుద్ధమే. అన్నా, మీ సుజౌ వైపు మాంసందే ఎక్కువ, కాబట్టి కొనేముందు అడిగి తీసుకోండి.

కంటైనర్ కష్టాలు

జొంగ్‌ఛియు మర్చిపోయారు. నాకైతే ఏటా డబ్బాలు డబ్బాలుగా వస్తాయి మూన్‌కేకులు, పచ్చసొన పెట్టినవి బాగుంటాయి, ఐదు రకాల గింజలవి మాత్రం ఎవరైనా తింటారా అని నా డౌటు. నాకు తెలిసినంతలో ఆ డబ్బా ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది, ఎవరూ తెరవరు.

హాంగ్‌జౌ వంటిల్లు

నేను తింటాను గింజలవి. నాకు పంపండి.

సుజౌలో కొత్త

అందరికీ చాలా థ్యాంక్స్. వంటిల్లు గారు చెప్పినట్టే టికెట్ సంగతి అడిగాను. మాట పూర్తి కాకముందే ఫోన్ తీసి ‘ఫిబ్రవరి 1న పొద్దున ఇద్దరం కూర్చుని బుక్ చేద్దాం’ అన్నాడు. వెళ్తున్నాను. ఒకటి అర్థం కాలేదు, తారీఖు ప్రతి ఏడాదీ ఎందుకు మారుతుంది? పోయిన ఏడాది జనవరి 29 అంటున్నారు.

షెంజెన్ పాతకాపు

చంద్రుడి నెలలు కదా. అమావాస్య రోజే వాళ్లకి నెలలో మొదటి రోజు, పదిహేను పున్నమి. చంద్రుడి ఏడాది సూర్యుడి ఏడాది కంటే దాదాపు 11 రోజులు తక్కువ, అందుకే పండగ వెనక్కి జరుగుతూ వస్తుంది, మరీ వెనక్కి పోకుండా మధ్యలో ఒక నెల అదనంగా కలుపుతారు. మన అధిక మాసమే అనుకోండి. పోయిన ఏడాది ఆరో నెల రెండుసార్లు వచ్చింది, అందుకే ఈసారి పండగ ఫిబ్రవరి 17కి దూకింది. మొత్తం మీద జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్యే తిరుగుతుంది. ఇది గుర్రం ఏడాది. మీది 1990 పుట్టుక అయితే జాగ్రత్త, సొంత జంతువు ఏడాది అచ్చిరాదంటారు, ఎర్ర బట్ట ఒంటి మీద ఉండాలి.

సుజౌలో కొత్త

నిన్న రాత్రే తిరిగొచ్చాను. ఎలా జరిగిందో రాయమని మెసేజ్‌లు పెట్టారు కాబట్టి రాస్తున్నా, కాస్త పెద్దదవుతుంది.

15న బయల్దేరి జినాన్‌లో రైలు మారాం. పాల పెట్టె, యాపిల్ పెట్టె పట్టుకెళ్లాను, స్టేషన్ బయట మా కొలీగ్ వాళ్ల బావ చేతిలో కూడా సరిగ్గా అదే పాల పెట్టె. ఇంటికి వెళ్లాక చూస్తే గది మూలలో ఆ పెట్టెలు నడుమెత్తు ఉన్నాయి. మావాడి తల్లి నా రెండూ తీసుకుని వాటి పైన పెట్టింది, ఎందుకు తెచ్చావని అరగంట తిట్టింది.

16 మధ్యాహ్నం ద్వారబంధానికి ఎర్ర కాగితాల మీద రాసిన జంట పద్యాలు అంటించాం. జిగురు కొన్నది కాదు, పిండి ఉడికించిన గంజి. ఏది కుడి, ఏది ఎడమ అని బావా బావమరుదులు బాగా వాదించుకున్నారు. సాయంత్రం అందరం కూర్చుని జియావ్‌జ చేశాం. పిండిముద్ద గుండ్రంగా వత్తి, లోపల కూర పెట్టి, మడిచి అంచు నొక్కాలి. నేను చేసినవి నీళ్లలో వేయగానే నోరు తెరుచుకున్నాయి. ఒకదాంట్లో నాణెం పెట్టారు, కడిగి, ఎవరికి వస్తే వాళ్లకి ఆ ఏడాది డబ్బు. మాంసం గురించి నేను పడ్డ టెన్షన్ అంతా వేస్ట్. మావాడు ముందే చెప్పి ఉంచాడు, నాకోసం గుడ్డు, ఉల్లిఆకు లాంటి ఒక ఆకుకూరతో వేరే పళ్లెం. పైగా మర్నాడు పొద్దున వాళ్లందరూ తిన్నవి కూడా కూరగాయలవే, ఏడాది మొదటి పూట మాంసం లేకుండా తింటే ఏడాదంతా గొడవల్లేకుండా పోతుందట. చేప కూడా వండారు గానీ మొత్తం తినలేదు, చేప అన్నా మిగులు అన్నా ఒకటే మాటలా పలుకుతుంది కాబట్టి కొంచెం మిగల్చాలి.

రాత్రి ఎనిమిదింటికి టీవీలో పండగ ఆటపాటల పెద్ద ప్రోగ్రాం మొదలైంది, 1983 నుంచి ప్రతి ఏడాదీ వస్తుందట. ఎవరూ సరిగ్గా చూడలేదు, కానీ ఆపితే ఊరుకోరు. గదిలో పది మంది, పది మందీ వీచాట్ గ్రూపులో ఎర్ర కవర్ల కోసం ఫోన్లు నొక్కుకుంటూ కూర్చున్నారు. నాకు మొత్తం మీద పదకొండు యువాన్లు వచ్చాయి.

అసలు సంగతి ఇప్పుడు. పదిన్నరకి గిన్నెలు లోపల పెడదామని లేచి ఒక బౌల్ కింద పడేశాను. పండగ రాత్రి, పింగాణీ, ముక్కలు ముక్కలు. గదంతా ఒక్కసారి నిశ్శబ్దం. నాకు చెమట్లు పట్టాయి. వాళ్ల నానమ్మ, ఎనభై దాటాయి, పెద్దగా ‘సుయ్‌సుయ్ పింగ్‌అన్’ అంది, మిగతావాళ్లందరూ అదే అన్నారు, నవ్వారు. పగిలిపోవడం, ఏడాది, రెండూ ‘సుయ్’ అనే పలుకుతాయట, అంటే ఏడాదికేడాది క్షేమం అని. వంటిల్లు గారు చెప్పిన మాటలాట ఇలా నన్ను కాపాడింది. ముక్కలు బయటికి ఊడ్చేయబోతే ఆపారు, మొదటి రోజు ఊడిస్తే అదృష్టం పోతుందని ఒక మూలకి చేర్చి ఎర్ర కాగితంలో చుట్టి పెట్టారు.

తెల్లవారకముందే లేపారు. ఆ ఊళ్లో ఇంటింటికీ వెళ్లి పెద్దవాళ్లకి మోకాళ్ల మీద వంగి దండం పెడతారు. నేనూ పెట్టాను, చలికి మోకాళ్లు కొయ్యబారాయి. పాతకాపు గారూ, మీరు సరిగ్గా చెప్పారు, నాది 1990 పుట్టుక. మావాడి తల్లికి ఆ సంగతి ఎలా తెలిసిందో, వచ్చేటప్పుడు రెండు జతల ఎర్ర సాక్సులు సంచిలో పెట్టింది. పాదం కింద ఏదో బంగారు రంగులో రాసుంది, చెడ్డవాళ్లని తొక్కేయమనట. ఇవాళ వేసుకునే రాస్తున్నాను.

ఒకటే డౌటు. నానమ్మ నాకు కూడా హొంగ్‌బావ్ ఇచ్చింది. ఎంత వద్దన్నా జేబులో కుక్కేసింది. రూముకి వచ్చాక తెరిచాను, రెండొందలు. నాకు ముప్పై ఐదేళ్లు, అంత పెద్దావిడ దగ్గర డబ్బు తీసుకోవాలంటే ఏదోలా ఉంది. మావాడి ద్వారా తిరిగి పంపేయనా?

హాంగ్‌జౌ వంటిల్లు

పంపకండి బాబూ, ఆవిడకి అవమానం. పెళ్లి కాలేదు కదా, అయితే మీరింకా పిల్లాడి కిందే లెక్క.

షెంజెన్ పాతకాపు

ఉంచుకోండి. సెప్టెంబరు 25న జొంగ్‌ఛియు, అప్పుడు ఆవిడకి ఒక మూన్‌కేక్ డబ్బా పంపండి, గింజలవి కాకుండా. ఈ శనివారం 28న ఆఫీసుంది, గుర్తుందిగా. సెప్టెంబరు 20 ఆదివారం కూడా ఉంది, అది ఇప్పుడే రాసి పెట్టుకోండి.